సున్నం మన్నదా, ‘మన్నికదనం’ తగ్గుతుందా?

సందేహం: ఒక విజ్ఞాన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఫ్యాక్టరీ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను సున్నంతో పట్టి, వేడి చేసి విడిపించి, అదే సున్నాన్ని మళ్ళీ మళ్ళీ వాడే ‘కాల్షియం లూపింగ్’ గురించి. “పలుమార్లు వాడిన పిమ్మట అధిశోషకం యొక్క మన్నికదనం క్షీణిస్తుంది” అని రాశాను. ‘మన్నికదనం’ తప్పని మా అక్క అంటోంది. పోనీ, ‘దృఢత్వం’ అనవచ్చా? – ఒక పాఠకురాలు, కడప

సమాధానం: మీ అక్కగారు చెప్పిందే సరి. కోరు – కోరిక, అల్లు – అల్లిక, పోలు – పోలిక అయినట్టే మన్ను – మన్నిక. క్రియను నామవాచకంగా మార్చే పనిని ‘ఇక’ అప్పటికే చేసేసింది. దాని మీద మళ్ళీ ‘తనం’ ఎక్కిస్తే ‘కోరికతనం’ అన్నంత ఎబ్బెట్టుగా ఉంటుంది. మంచితనం, గట్టిదనం, కమ్మదనం అన్నచోట అంతకుముందు వేరే ప్రత్యయం లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంతవరకూ వ్యాకరణం. మీ వాక్యంలో నన్ను అంతకన్నా ఇబ్బంది పెట్టింది ‘క్షీణిస్తుంది’. చీర నాలుగు ఉతుకులకే వెలిసిపోతే “దీని మన్నిక తగ్గింది” అనం. “ఈ చీర మన్నలేదు” అంటాం. తగ్గింది రంగు. రంగు తగ్గింది కనుక చీరకు మన్నిక లేదని తేల్చాం. మన్నిక అనేది కొంతకాలం వాడి చూశాక వస్తువు గురించి మనం చెప్పే తీర్పు. సున్నం విషయంలోనూ అంతే. తగ్గేది దాని పట్టు, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే శక్తి.

ఎంత పట్టు? లెక్క ప్రకారం 56 కిలోల పొడిసున్నం 44 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి సున్నపురాయిగా మారాలి. సుమారు 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర పడుతుంది, 900 దాటించి కాలిస్తే వదిలేస్తుంది. సహజమైన సున్నపురాయిని కాల్చి తీసిన సున్నం మొదటి విడతల్లో ఈ లెక్కలో సగానికి మించే పడుతుంది. ఆ తర్వాత గబగబా దిగజారి, వందల విడతలు తిరిగాక 7, 8 శాతం దగ్గర నిలబడుతుంది. ‘శోషకానికి శోష వచ్చింది’ అనాలనిపిస్తుంది కానీ, మీరు మాత్రం వ్యాసంలో అలా రాయకండి!

అన్నట్టు, ‘అధిశోషకం’ కూడా ఇక్కడ కుదరదు. బొగ్గుపొడి రంగునీళ్ళలోని రంగును తన పైపొర మీద అంటించుకుంటుంది చూడండి, అది అధిశోషణం. సున్నం అలా పైపైన అంటించుకుని ఊరుకోదు, తానే సున్నపురాయి అయిపోతుంది. ‘శోషకం’ అనండి. సున్నం గురించే కదా, ‘సున్నం’ అంటే ఇంకా మంచిది. ఆ ‘యొక్క’ను కూడా తీసేయండి, వాక్యానికి ఏ లోటూ రాదు.

ఇక ‘దృఢత్వం’. అది పెడితే అర్థం తిరగబడుతుంది. సున్నం పట్టు పోవడానికి పెద్ద కారణం, అంత వేడికి దాని సన్నటి రంధ్రాలు పూడుకుపోయి రేణువు కరడుగట్టడం. కరడుగట్టిన రేణువు మునుపటికన్నా గట్టిగానే ఉంటుంది, గాలి లోపలికి చొరబడదు, అంతే. దృఢత్వం పెరిగింది, మన్నిక లేదు! అలసిన సున్నానికి ఆవిరి పట్టిస్తే పోయిన పట్టు కొంత తిరిగి వస్తుంది, కానీ రేణువులు పెళుసెక్కి పొడి అవుతాయి. పట్టుకూ గట్టిదనానికీ ఒకే మాట వాడితే ఈ తిరకాసు పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

మిగతా నష్టాలకూ మనకు మంచి క్రియలే ఉన్నాయి. గొట్టాల్లో తిరుగుతూ ఒకదానితో ఒకటి రాసుకుని రేణువులు ‘అరుగుతాయి’. పొగలోని గంధకం సున్నానికి ‘పడుతుంది’. అలా కాల్షియం సల్ఫేట్ అయిన భాగం ఆ వేడికి తిరిగి సున్నం కాదు. మూడింటినీ ‘క్షీణత’ అనే ఒక్క సంచిలో వేయకండి.

మన్నిక దేనికి అన్నది కూడా చూసుకోవాలి. గోడకు వేసిన వెల్ల కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పట్టి సున్నపురాయిగా మారేదే. అక్కడ రాయిగా ఉండిపోతేనే మన్నినట్టు. లూపింగ్‌లో రాయి మళ్ళీ సున్నం కాగలిగితేనే మన్నినట్టు. పదార్థం ఒకటే, మన్నిక మాత్రం ఎదురెదురు.

కాల్షియం లూపింగ్‌కు చుట్టమైన మరో పద్ధతిలో ఇంధనాన్ని మండించడానికి ఆక్సిజన్‌ను మోసుకొచ్చేవి లోహపు ఆక్సైడ్‌లు. రాగిది మన్నదు, ఎందుకంటే రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది, ఆ దరిదాపులకు వెళ్ళేసరికే రేణువులు ముద్దకడతాయి. మన భీమునిపట్నం తీరపు ఇసుకలో దొరికే ఇల్మనైట్ అనే ఇనుము, టైటానియం ఆక్సైడ్ ఖనిజానిది వేరే తీరు. మొదటి విడతల్లో అది చురుకు తెచ్చుకుంటుంది! దాని గురించి రాసేటప్పుడు ‘క్షీణిస్తుంది’ అలవాటుగా వచ్చేస్తుందేమో, చూసుకోండి.

‘లూపింగ్’ను లూపింగ్‌గానే ఉంచండి, ‘ఉచ్చు’ అని అనువదించినవాళ్ళను చూశాను. ఒక్కో తిరుగుడుకు నేను ‘విడత’ వాడాను. వంటింటి ‘వాయి’ నాకు ఇంకా ఇష్టం, కానీ వాయి అనగానే కొత్త గారెలు గుర్తొస్తాయి. ఇక్కడి సున్నం గారె కాదు, మూకుడులో కాగి కాగి నల్లబడే నూనె.

మీ వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: “వాడేకొద్దీ సున్నం పట్టు తగ్గుతుంది, అందుకే అది ఎక్కువ విడతలు మన్నదు.”