నాన్నగారి క్రియాటినిన్ ఎంత?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 66. పదేళ్లుగా షుగరుంది, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. మూత్రంలో మంట అంటే, నిరుటి చీటీ చూపించి మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ 500 అనే యాంటీబయాటిక్ తెచ్చాను. కడుపులో మంట రాకూడదని పాలతో వేసుకుంటున్నారు. మూడు రోజులైనా తగ్గలేదు. ఈ మందు కొన్ని గంటల్లోనే మూత్రంలో పోతుందట కదా, డోసు పెంచవచ్చా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పెంచవద్దు. వేసుకున్న ఒకటి రెండు గంటల్లో ఈ మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. డోసులో 40 నుంచి 50 శాతం మార్పు చెందకుండా మూత్రంలోకే వస్తుంది కనుక, అక్కడ దాని గాఢత రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మూత్ర ఇన్ఫెక్షన్‌కు దీన్ని రాసేది అందుకే. పాలతో మాత్రం వద్దు. పాలలోని క్యాల్షియం మందును పేగులోనే పట్టేసుకుంటుంది. యాంటాసిడ్లు, ఐరన్ మాత్రలదీ అదే తీరు; వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి.

మీరు రాయనిది నాన్నగారి క్రియాటినిన్, అంటే మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష ఫలితం. మూత్రపిండాలు బాగున్నవారి రక్తంలో ఈ మందు సుమారు నాలుగు గంటలకోసారి సగానికి తగ్గుతుంది. పదేళ్ల షుగరున్నవారిలో మూత్రపిండాల వడపోత మందగించి ఉండవచ్చు. బాగా తగ్గితే డోసుల మధ్య వ్యవధిని 18 నుంచి 24 గంటలకు పెంచవలసి వస్తుంది. పైగా గ్లిమిపిరైడ్‌తో కలిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువుంటే, స్పృహలో ఉన్నంతవరకు మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. మడమ వెనుక నొప్పి మొదలైతే మందు ఆపి డాక్టరుకు చెప్పండి. అరవై దాటినవారిలో ఈ మందు వల్ల స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తెగే ముప్పు ఎక్కువ.

ఇక ఆ చీటీ సంగతి. నిరుటి మంటకు కారణమైన బ్యాక్టీరియాయే ఇప్పుడూ ఉందని షాపువారికి ఎలా తెలిసిందో నాకు అర్థం కాదు. మూత్ర ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలై బ్యాక్టీరియా మన దగ్గర చాలావరకు సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగడం లేదు. ఈ వయసు మగవారిలో ప్రోస్టేట్ వాపు వల్ల మూత్రం నిలిచిపోతోందేమో కూడా చూడాలి. మొదటి మాత్రకు ముందే యూరిన్ కల్చర్‌కు (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి గుర్తించే పరీక్షకు) ఇచ్చి ఉండవలసింది. మూడు రోజుల మందు తర్వాత ఇస్తే బ్యాక్టీరియా పెరగక, ఇన్ఫెక్షన్ లేదన్నట్లు రిపోర్టు రావచ్చు. అయినా ఇవ్వండి.

మనిషిని చూడకుండా నేను డోసు చెప్పలేను. ఇవాళే ఫిజీషియన్‌కు గానీ యూరాలజిస్టుకు గానీ చూపించండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏది ఉన్నా రాత్రి అని చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పాత చీటీ, వాడిన స్ట్రిప్పు వెంట ఉంచుకోండి.