పర్పుల్ సేజ్ గురించి బుజ్జికి

బుజ్జీ,

నువ్వు అడిగిన పర్పుల్ సేజ్ అంటే ఊదా చిగుళ్లు వేసే, వంటలో వాడుకునే వాసనాకు మొక్క. ముందు దానికున్న చీటీ చూడు. సాల్వియా అఫిసినాలిస్ పర్‌ప్యూరాసెన్స్ అని ఉంటేనే వంటకు వాడు. సాల్వియా పేరుతో గార్డెన్ సెంటర్లో పూల మొక్కలు బోలెడు అమ్ముతారు.

ఇది మధ్యధరా తీరంలో, రాళ్ల నేలల్లో పుట్టిన జాతి. ఇంగ్లండ్ చలికి భయపడదు, మంచు కురిసినా మళ్లీ లేస్తుంది. దీన్ని చంపేది చలికాలపు తడి. మీ లండన్ బంకమట్టిలో నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. కాబట్టి నేలలో వద్దు, అడుగున చిల్లున్న పెద్ద మట్టికుండీలో వెయ్యి. మట్టిలో మూడో వంతు సన్న కంకర కలిపి, దక్షిణపు ఎండ పడే గోడ పక్కన పెట్టు. అక్టోబరు వచ్చేలోగా కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు.

నీ సంగతి నాకు తెలుసు, తులసమ్మకు పోసినట్టు పొద్దున్నే చెంబుడు నీళ్లు పోసేస్తావు. వద్దు. వేలు గుచ్చి చూడు, రెండు అంగుళాల లోపల కూడా పొడిగా ఉంటేనే పొయ్యి. ఎరువు జోలికీ పోకు. బాగా మేపితే ఆకు ఏపుగా వస్తుంది గానీ వాసన తగ్గిపోతుంది. చిగుళ్లే ఊదాగా ఉంటాయి, ముదిరేకొద్దీ బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. దానికి టెన్షన్ పడకు.

ఏప్రిల్లో కొత్త చిగుళ్లు కనిపించాక కత్తిరించు, ఆకులున్న కొమ్మ వరకే. చెక్కలా ముదిరిన చోట కోస్తే మళ్లీ చిగురించడం కష్టం. నాలుగైదేళ్లకు గుబురు మధ్యలో ఎలాగూ బోసిపోతుంది. అందుకే కొత్త మొక్కల కోసం వేసవిలో పువ్వు లేని లేత కొమ్మలు వేలెడు పొడవు తుంచి, కింది ఆకులు తీసేసి, ఇసుక మట్టిలో గుచ్చి ఉంచు. విత్తనం వేస్తే ఈ రంగు వస్తుందన్న నమ్మకం లేదు.

ఇక వంట. కొత్తిమీరలా పచ్చిగా పైన చల్లకు, నూగు నాలుక్కి తగులుతుంది, చేదు కూడా. వెన్న కరిగించి, నురుగు అణిగాక ఆకులు వెయ్యి. అర నిమిషంలో అంచులు ముడుచుకుని కరకరలాడతాయి, ఊదా రంగు మాసిపోతుంది. ఆ వెన్నతో సహా ఉడికిన గుమ్మడి ముక్కల మీద పోసి, మిరియాల పొడి చల్లు. నలుగురికి ఎనిమిదాకులు చాలు. పప్పులో వెయ్యొచ్చా అని అడిగావు. వేసుకో, కానీ ఆ పూట ఇంగువ మానెయ్యి, రెండు ఘాటు వాసనలు కలిస్తే ఏదీ తెలియదు.

మీ ఆడపడుచు కడుపుతో ఉంది కదా. కూరలో రెండాకులు పడితే ఫర్వాలేదు, సేజ్ టీ మాత్రం కాచి ఇవ్వకు. అందులో థుజోన్ అనే పదార్థం ఉంటుంది, గర్భిణులకు మంచిది కాదు.

అన్నట్టు, ఇటలీలో ఈ ఆకుల్ని పిండిలో ముంచి వేయిస్తారు. అచ్చం మన వామాకు బజ్జీయే. శనగపిండి జారుగా కలుపు, ఉప్పు, చిటికెడు కారం తప్ప మరేం వెయ్యకు. పెద్ద ఆకులు ఏరి, కడిగి, గుడ్డతో పూర్తిగా తడి తుడిచాకే ముంచు, లేకపోతే పిండి అంటుకోదు, నూనె చిమ్ముతుంది. మూకుట్లోంచి తీసినవి తీసినట్టే తినెయ్యండి, చల్లారితే మెత్తబడతాయి.

మీ పెద్దమ్మ