డల్లాస్ టికెట్ కొనేముందు

చి. రవికి,

మామయ్య ఆశీస్సులు. అక్కయ్యకీ బావకీ, అదే మీ అమ్మానాన్నలకి, టికెట్లు చూస్తున్నావటగా. హైదరాబాద్ నుంచి డల్లాస్ 14,400 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున పదహారు గంటలే అని ఫోన్లో చెప్పావట. అది గ్లోబు మీద దారం లాగి కొలిచిన దూరంరా. శంషాబాద్ నుంచి డల్లాస్‌కి నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా పోతే దుబాయ్ దాకా సుమారు 2,550, అక్కణ్ణుంచి 12,900. కలిపితే వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ, అదేం పెద్ద తేడా కాదు. గంటలు పోయేది వేరేచోట.

టికెట్ మీద రాత్రి పదింటికి ఎక్కి మర్నాడు పొద్దున పదింటికి దిగుతారని ఉంటుంది. చూస్తే పన్నెండు గంటలే. ఆ దిగే టైము మీ ఊరిది. వేసవిలో మీరు మాకన్నా పదిన్నర గంటలు వెనక, నవంబరు మొదట్లో గడియారం మార్చాక పదకొండున్నర. ఆ పదిన్నర కలిపితే ఇరవై రెండున్నర: దుబాయ్‌కి నాలుగు, అక్కడ ఆగేది రెండున్నర, మిగతా పదహారూ ఒక్క సీట్లో. ఇక ఖమ్మం నుంచి శంషాబాద్‌కి కారులో నాలుగైదు గంటలు, మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి, మీ దగ్గర ఇమిగ్రేషన్ లైను. గుమ్మం నుంచి గుమ్మానికి ముప్పై రెండు వేసుకో. అక్కయ్యకి ఆ అంకే చెప్పు.

తిరుగు ప్రయాణం గంటకు పైగానే తగ్గుతుంది. పైన గాలి పడమటి నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది, వచ్చేటప్పుడు అది వెనకనుంచి తోస్తుంది. ఆ గాలి కోసమే 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పసిఫిక్ మీదుగా తిప్పింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగినా రెండు గంటలు ముందే చేరింది. దూరం చూసి టైము చెప్పకు అనేది ఇందుకే.

బావకి ముందే ఒకమాట చెప్పు. సీటు ముందు తెర మీద విమానం అమెరికా వైపు పోకుండా నేరుగా ఉత్తరానికి ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది. దారి తప్పారని పక్కవాళ్లని లేపేస్తాడు, ఆయన సంగతి నీకు తెలుసుగా. గ్లోబు మీద దారం లాగి చూస్తే అదే దగ్గర దారి.

మధ్యలో ఆగేది రెండు గంటల లోపు ఉన్న టికెట్ ఎంత చవకైనా వద్దు. మోకాళ్ల నొప్పులతో అక్కయ్య గేటు మారేసరికే సరిపోతుంది. మూడు గంటలు హాయి, ఆరు దాటితే నడుం పట్టేస్తుంది. రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. న్యూయార్క్‌లో మారే టికెట్ కూడా వద్దు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని మళ్లీ వెయ్యాలి. ఆ పెట్టెల్లో పచ్చళ్లుంటాయి, కస్టమ్స్ వాడి ప్రశ్నలకి ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. డల్లాస్‌లోనే దిగితే నువ్వు బయటే ఉంటావు. వీల్‌చైర్ టికెట్ కొనేటప్పుడే పెట్టించు, నడవ పక్క సీటు తీసుకో.

బావ షుగర్ మాత్రలు గడియారం చూసి వేసుకోకూడదు, మధ్యలో రెండుసార్లు టైము మారుతుంది. ఎన్ని గంటలకొకటో డాక్టర్‌గారిని అడిగి కాగితం మీద రాయించే పూచీ నాది. మాత్రలు చేతిసంచిలోనే పెట్టిస్తాను.

కొనేముందు రెండు మూడు టికెట్లు నాకు వాట్సాప్‌లో పెట్టు. ధర మాత్రం అక్కయ్య చెవిన వెయ్యకు, వింటే ప్రయాణమే మానుకుంటానంటుంది.

మీ మామయ్య