అల్లుడికి: బ్రేక్ లేత్ విప్పే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఆటోనగర్‌లో నీ షెడ్డు బాగా నడుస్తోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సెకండ్ హ్యాండ్‌లో బ్రేక్ లేత్, అదే బ్రేక్ డిస్కులూ డ్రమ్ములూ చెక్కే మిషన్, కొన్నావని, దాని మీద స్కిమ్మింగ్ చేసిన, అంటే పైపొర కోసి చదును చేసిన డిస్కులు బండికి ఎక్కించాక బ్రేక్ పెడల్ కొట్టుకుంటోందని కస్టమర్లు వెనక్కి వస్తున్నారని కూడా చెప్పింది. మిషన్ విప్పి, షాఫ్ట్‌ని తిప్పే హెడ్‌లోని బేరింగులు మార్చేద్దామని చూస్తున్నావట. ఆగు నాయనా. పానా పట్టుకునే ముందు ఇది చదువు.

డిస్క్ మందం చుట్టూ ఒకేలా ఉండాలి. ఎక్కడైనా 0.02 మిల్లీమీటర్లు తేడా వచ్చినా కాలి కింద పెడల్ కొట్టుకోవడానికి అది చాలు. ఆ తేడా రావడానికి బేరింగే పోనక్కర్లేదు. డిస్క్‌ని షాఫ్ట్ మీద నడిమధ్యన పట్టి ఉంచే కోన్‌కీ, డిస్క్‌కీ మధ్య ఇరుక్కున్న ఒక్క ఇనప రజను ముక్క సరిపోతుంది. అందుకే తప్పు వెతికేటప్పుడు బయటి నుంచి లోపలికి రావాలి. ముందు డిస్క్, తర్వాత కోన్లు, తర్వాత షాఫ్ట్, ఆఖర్న బేరింగ్. మనవాళ్ళు చాలామంది దీన్ని తిరగేసి, ముందు హెడ్ విప్పుతారు. డబ్బు పోతుంది, పెడల్ మాత్రం అలాగే కొట్టుకుంటుంది.

సన్నటి ఊగుడుని ముల్లుతో చూపించే డయల్ గేజ్ లేకపోయినా చేసుకునే పరీక్ష ఒకటుంది. డిస్క్ బిగించి మిషన్ తిప్పు. కోసే బిట్‌ని మెల్లగా తెచ్చి డిస్క్ ముఖానికి తాకీ తాకనట్టు ఆనించు. డిస్క్ ఊగుతుంటే గీత చుట్టూ పడదు, ఒక పక్కనే నెలవంకలా పడుతుంది. మిషన్ ఆపి, బిట్ వెనక్కి తీసి, నట్ వదులు చెయ్యి. షాఫ్ట్‌ని కదలనివ్వకుండా పట్టుకుని డిస్క్‌ని మాత్రం సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించు. బిట్‌ని మొదటి గీతకి కాస్త పక్కగా జరిపి ఇంకో గీత పెట్టు. రెండో గీత కూడా డిస్క్ మీద మొదటి గీత ఉన్న వైపే పడితే ఊగుతున్నది డిస్కే, మిషన్‌కి ఏ తప్పూ లేదు. ఎదురు వైపు పడితే మాత్రం తప్పు డిస్క్‌ది కాదు. కోన్లోనో, షాఫ్ట్‌లోనో, దాని వెనకో ఉంది. ఈ పరీక్ష కొత్త డిస్క్ మీద వద్దు, పాత డిస్క్ ఒకటి దీనికే పక్కన పెట్టుకో.

గీత ఎదురు వైపు పడిందనుకో. అప్పుడు కూడా ముందు శుభ్రమే. మన ఊరి గాలిలో ఉప్పు ఉంది. సాయంత్రం తుడవకుండా వదిలేసిన షాఫ్ట్ మీద పొద్దున్నకి ఎర్రటి పొర కనిపిస్తుంది, వానాకాలంలో అయితే చెప్పనే అక్కర్లేదు. కోన్లు, స్పేసర్లు, వాషర్లు అన్నీ తీసి కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టు. తర్వాత ఒక్కొక్కదాని అంచు వెంట గోరు పోనీ. ఎక్కడ గోరు తట్టుకుంటే అక్కడ దెబ్బ తగిలి ఇనుము లేచిందన్నమాట. దాన్ని నూనె రాయితో మాత్రమే, అదీ లేచిన చోట మాత్రమే తియ్యి. గరుకు ఎమ్రీ పేపర్ పెట్టి మొత్తం రుద్దేస్తే కోన్ కొలత పోతుంది, ఆ తర్వాత దానికి మందు లేదు. రాత్రి పూట అన్నిటికీ పల్చగా నూనె రాసి పెట్టు. పొద్దున్న డిస్క్ ఎక్కించే ముందు ఆ నూనె పూర్తిగా తుడిచెయ్యి, ఎందుకంటే నూనె తడికి రజను అంటుకుంటుంది.

ఎయిర్ గన్‌తో మిషన్ మీద కొట్టొద్దు. కుర్రాళ్ళు ఎంత చెప్పినా వినరు, నువ్వే చూసుకోవాలి. ఆ గాలికి పోత ఇనుము పొడి స్లైడుల్లోకీ సీళ్ళలోకీ దూరి సాన పట్టినట్టు అరగదీస్తుంది. పాత బ్రేక్ లైనింగుల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. బ్రష్, తడిగుడ్డ, మూతికి మాస్క్. ఇంతే.

ఇవన్నీ చేశాక కూడా గీత ఎదురు వైపే పడితే అప్పుడు డయల్ గేజ్ కావాలి. ఖాళీ షాఫ్ట్‌ని చేత్తో తిప్పుతూ హెడ్ దగ్గర ఒకసారి, నట్ వైపు కొస దగ్గర ఒకసారి చూడు. హెడ్ దగ్గర ముల్లు కదలకుండా కొసలో కదిలితే షాఫ్ట్ వంగింది. లారీ డ్రమ్ములు ధడేలున ఎక్కించే షెడ్డులో ఇది మామూలే. సుత్తితో సరిచేద్దామని చూడకు, కొత్తది వేయించు. హెడ్ దగ్గరే ముల్లు కదిలితే, లేదా షాఫ్ట్‌ని పట్టి ముందుకీ వెనక్కీ లాగినప్పుడు ప్లే, అంటే వదులు, తెలిస్తే, అప్పుడు బేరింగ్. అది కూడా ముందు బిగింపు సర్దితే పోతుందేమో చూసి, తర్వాతే మార్చు. షాఫ్ట్ ఊడి వచ్చే మోడల్ అయితే దాన్ని తీసి, లోపలి టేపర్ తుడిచి, సగం చుట్టు తిప్పి పెట్టి చూడు. బాగా కుదిరిన చోట రెండింటి మీదా గుర్తు కొట్టుకో.

నట్ సంగతి కుర్రాళ్ళకి ముందే చెప్పు. చాలా బ్రేక్ లేతుల్లో అది లెఫ్ట్ మర, అంటే ఎడమకి తిప్పితే బిగుస్తుంది. తెలియక పైపు తగిలించి ఎదురు బిగించి మరలు పాడు చేస్తారు.

పాత మిషన్ కాబట్టి గేర్ ఆయిల్ ఒకసారి దింపి చూడు. హుద్‌హుద్ తుఫానుకి షెడ్ల రేకులు ఎగిరిపోయిన ఊరు మనది, ఆ మిషన్ ఎన్ని వానల్లో తడిసిందో అమ్మినవాడు చెప్పడు. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరినట్టే. మోటారు గుయ్యిమని మూలుగుతూ తిరగకపోతే కెపాసిటర్ అనుమానించు. మెయిన్ ఆపినా దానిలో కరెంటు నిలవ ఉంటుంది, ఉత్త చేతులతో ముట్టుకోకు.

డిస్క్ మీద అలలు పడుతూ, మిషన్ కీచుమంటుంటే ముందు బిట్ చూడు. మొద్దుబారిన టిప్‌ని మూల మార్చి బిగించడానికి ఎంతసేపు? రబ్బరు బెల్ట్ డిస్క్ చుట్టూ వేశారో లేదో చూడు. స్లైడ్ వదులైతే దాని సందు సర్దే గిబ్ పట్టీ కొంచెం బిగించు. మరీ పల్చగా కోసినా లాభం లేదు, బిట్ కొయ్యకుండా రాసుకుంటూ వేడెక్కుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకు. డిస్క్ మీద మినిమం మందం, డ్రమ్ మీద మాక్సిమం డయా పోత పోసి ఉంటాయి. కోసే ముందు మైక్రోమీటర్ పెట్టు. కోత అయ్యాక ఆ అంకె దాటేలా ఉంటే కస్టమర్ ఎంత బతిమాలినా మిషన్ ఎక్కించకు. పల్చబడ్డ డిస్క్ తొందరగా వేడెక్కుతుంది. అరకు నుంచి ఘాట్ దిగే బండిలో పిల్లాజెల్లా కూర్చుని ఉంటారు.

కోసిన డిస్క్‌ని సబ్బునీళ్ళతో కడిగి, తెల్లగుడ్డకి నలుపు అంటనంతవరకు తుడిచి ఇవ్వు. బండి హబ్ ముఖం మీద తుప్పు గీకకుండా దాన్ని బిగిస్తే ఇంత కష్టమూ వృథా.

నా డయల్ గేజ్, అయస్కాంతం స్టాండ్‌తో సహా ఇంట్లోనే ఉంది. ముందు గీత పరీక్ష చేసి, గీత ఎటు పడిందో ఫోన్ చెయ్యి. అవసరమైతే ఆదివారం పట్టుకుని నేనే వస్తాను.

మీ మావయ్య