పిల్లలు రిహార్సల్స్‌కి రావడం మానేస్తున్నారా?

చుట్టుపక్కల ఉండే 13–17 ఏళ్ల పిల్లలతో నాటిక మొదలుపెట్టాం, మొదటివారం పాతికమంది వచ్చారు, మూడోవారానికి ఎనిమిదిమంది మిగిలారు, ఏం చేయాలి అని అడిగారు.

మాకూ మొదటిసారి అచ్చం ఇలాగే అయింది. తప్పు నాదే. రెడీమేడ్ స్క్రిప్ట్ తెచ్చి మొదటిరోజే పాత్రలు పంచేశాను. పెద్ద పాత్రలు దొరికిన ముగ్గురికీ ఊపిరాడలేదు, మిగతావాళ్లకి పనే లేదు. ఒక్క డైలాగ్ కోసం రెండు గంటలు గోడకానుకుని కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు?

రెండోసారి స్క్రిప్ట్ లేకుండా వెళ్లాను. రెండువారాలు ఆటలే. తర్వాత, "మీ మాట ఎవరూ వినని సందర్భం ఒకటి చేసి చూపించండి" అన్నాను. ఒకమ్మాయి కూతురైంది, ఒక కుర్రాడు తండ్రి. ఆయన ఫోన్ చూస్తూ "ఊఁ" కొడుతుంటాడు. కూతురు అదే గొంతుతో, "ఇల్లంటుకుంది నాన్నా" అంది. ఆయన మళ్లీ "ఊఁ". పడీపడీ నవ్వారు. మా నాటికకి అదే మొదటి సీన్.

దాన్ని ఫోరం థియేటర్ పద్ధతిలో వేశాం. బ్రెజిల్‌కి చెందిన నాటక దర్శకుడు అగస్టో బోల్ 1970లలో రూపొందించిన పద్ధతి ఇది. సీన్ ఒకసారి పూర్తిగా వేసి మళ్లీ మొదలుపెడతారు. చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని లేచి, ఇబ్బంది పడుతున్న పాత్రలోకి వచ్చి ఇంకోలా ప్రయత్నించొచ్చు. మా ప్రదర్శనలో ఒక పెద్దాయన కూతురి పాత్రలోకి వచ్చి ఫోన్ లాక్కోబోయాడు. కుర్రాడు వదల్లేదు. "ఇదన్నమాట సంగతి" అని గొణుక్కుంటూ వెళ్లి కూర్చున్నాడాయన.

అందర్నీ స్టేజీ ఎక్కించాలని పట్టుపట్టకండి. నోరు విప్పని అబ్బాయి ఒకడికి లైట్లు అప్పగించాం. ఏ మాట మీద ఏ లైటు ఆర్పాలో స్క్రిప్ట్ అంచున పెన్సిల్‌తో బాణాలు గీసుకునేవాడు. రెండేళ్లయినా నటించనంటాడు. ఒక్క రిహార్సల్ కూడా మానలేదు.

పరీక్షల తేదీలు చూసుకున్నాకే ప్రదర్శన తేదీ పెట్టండి. చెప్పిన టైముకి వదిలేయండి, లేకపోతే ఇళ్లలో పంపరు. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి.

ప్రదర్శనకి ముందు ఉపన్యాసాలు మాత్రం వద్దు. మేం పెట్టాం. మేకప్ వేసుకున్న పిల్లలు ముప్పావుగంట సైడ్ వింగ్‌లో నిలబడ్డారు. తెర లేచేసరికి తండ్రి మీసం సగం ఊడి వేలాడుతోంది.