ఉత్తర ధ్రువం అంచున వార్తలు

ప్రశ్న: కెనడా ఉత్తరాన ఉన్న మారుమూల ఊళ్లకు స్థానిక వార్తలు ఎలా చేరుతాయండీ?

జవాబు: కెనడా ఉత్తర భాగంలోని నూనావుట్ అనే ప్రాంతంలో ఉన్న 25 ఊళ్లలో ఏ రెండింటినీ కలిపే రోడ్డు లేదు కాబట్టి అచ్చు పత్రిక విమానంలోనే రావాలి, మంచుతుపాను పట్టిందంటే అదీ ఆగిపోతుంది. అందుకే అక్కడ రేడియోను మించిన ఆధారం లేదు. కెనడా ప్రజా ప్రసార సంస్థ ఉత్తరాది విభాగమైన సీబీసీ నార్త్, అక్కడి ఇన్యూట్ ఆదివాసులు మాట్లాడే ఇనుక్టిటుట్ భాషలో కూడా ప్రసారాలు చేయడం, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు నిజంగా పెద్ద మేలు. చాలా ఊళ్లకు ఫేస్‌బుక్కే నోటీసుబోర్డు. అయితే వార్తలకు గాను వార్తా సంస్థలకు డబ్బు చెల్లించాలనే కొత్త చట్టంపై వివాదంతో 2023 ఆగస్టులో ఫేస్‌బుక్ యజమాని మెటా కెనడాలో వార్తల లింకులను ఆపేసింది. సరిగ్గా అదే నెలలో కార్చిచ్చు తరుముకొస్తుంటే, నూనావుట్ పక్కనున్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ రాజధాని, సుమారు 20 వేల జనాభా గల ఎల్లోనైఫ్‌ను ఖాళీ చేయించారు. ప్రాణం మీదికి వచ్చిన వేళ వార్తకు అడ్డుపడటం, ఏ కారణం చేతనైనా, నా దృష్టిలో అన్యాయమే. లింకు పంపే వీల్లేక, జనం వార్తల స్క్రీన్‌షాట్లు తీసి ఒకరికొకరు పంచుకున్నారు.