ఆ అయిదు పాదాల్లో అనుమానించాల్సిందేమీ లేదు

ప్రశ్న: మాకు పెళ్లయి నాలుగేళ్లు. ఈమధ్య మా ఆవిడ వాట్సాప్‌లో నాకో కవిత పంపింది.

"కరెంటు పోయిన రాత్రి
కిటికీ వెతుక్కున్న గాలిలా
నీ చేయి వచ్చింది.
ఇంట్లో ఏ తలుపుకి గడియ లేదో
నాకే అప్పుడు తెలిసింది."

"గడియ లేని తలుపేంటి? ఆ చేయి ఎవరిది?" అని అడిగాను. అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. మా అక్కకి చూపిస్తే, "కాపురం చేసుకునే ఆడది ఇలాంటివి రాస్తుందా" అంది. నేను లెక్కల మనిషిని, కవిత్వం తెలీదు. దీనర్థం ఏమిటి?

జవాబు: కవిత సంగతి తర్వాత. మీ ఒక్కరికే పంపిన మాటని మీరు అక్కగారి చేతిలో పెట్టారు. ఇంకొకరి నోట ఆవిడకి తెలిసేలోపే మీరే చెప్పి, క్షమించమని అడగండి. అక్కగారితో ఆ ప్రస్తావన ఇక తేవద్దనండి. ఇది జరగకుండా కవితకి ఎంత మంచి అర్థం చెప్పినా ఆవిడ చెవికెక్కదు.

ఇప్పుడు కవితని పైకి రెండుసార్లు చదవండి, పాదం విరిగిన ప్రతిచోటా కాస్త ఆగుతూ. ఎవరు ఎవరితో అంటున్నారో చూడండి. "నీ చేయి" అని రాసి మీ నంబరుకే పంపింది. ఇంకా ఎవరిదని అడుగుతారేం?

పోలికల దగ్గరే చాలామంది తడబడతారు. తలుపంటే ఇది, గడియంటే అది అని ఒక్కోదానికీ అర్థం అతికించబోతే చివరికి మిగిలేది పొడుపుకథ, లేదంటే బూతు. అందులోని వస్తువు ఏం చేస్తోందో గమనించండి. కరెంటు పోతే కళ్లకి పనుండదు, స్పర్శే దిక్కు. గాలి తలుపు తోసుకుని రాలేదు, కిటికీ వెతుక్కుంది. మీ చేయీ అలాగే తడుముకుంటూ, కాస్త జంకుతూ వచ్చింది. ఆవిడకి నచ్చింది ఆ జంకే. చివరి రెండు పాదాల్లో మీరు లేరు. తనలో కాపలా లేని చోటొకటుందని తను కనుక్కుంది. ఒళ్లు అన్న మాటైనా ఎత్తకుండా ఇంత దగ్గరితనం చెప్పింది. మంచి కవితండీ ఇది.

ప్రాచీన తమిళ సంగమ సాహిత్యంలో కురుంతొగై అని ప్రేమకవితల సంకలనం ఒకటుంది. అందులో 40వ పద్యం కూడా అయిదు పాదాలే. మా అమ్మా మీ అమ్మా ఒకరికొకరు ఏమవుతారు, మా నాన్నా మీ నాన్నా ఏ వరసన చుట్టాలు, నువ్వూ నేనూ ఒకరినొకరం ఎలా ఎరుగుదుం అని వరసగా అడిగి, ఎర్రమట్టి నేల మీద కురిసిన వాననీరులా మన మనసులు కలిసిపోయాయంటాడు ప్రియుడు. కవి అసలు పేరు నిలవలేదు. ఆ పోలికతోనే సెంబులప్పెయనీరార్ అని పిలుస్తున్నారు. కలయిక తర్వాత, ఇతను వదిలిపోతాడేమోనని ఆమె బెంగపడుతుంటే అన్న మాటలివని సంప్రదాయ వివరణ. మట్టి రంగు పట్టిన నీళ్లని మళ్లీ విడదీయలేం. ఆ బెంగకి ఆ పోలికే జవాబు.

మీ ఆవిడ కవిత వెనకా ఏదో ఉండొచ్చు. "వచ్చింది", "తెలిసింది" అంటూ జరిగిపోయినట్టు రాసింది. అలాంటి రాత్రులు ఈమధ్య తగ్గాయా? అది మీకే తెలియాలి.

మాట్లాడేటప్పుడు "అర్థం చెప్పు" అనకండి. ఉత్త "బాగుంది" కూడా వద్దు, బొటనవేలి బొమ్మ అసలే వద్దు. ఏదో ఒక్క పాదం పట్టుకోండి: "కిటికీ వెతుక్కున్న గాలి అన్నావే, అక్కడ ఆగిపోయాను." ఆ రాత్రి నిజంగా గుర్తుంటే గుర్తుందని చెప్పండి, లేకపోతే ఉందని నటించకండి. కవిత అర్థమైంది కదా అని ఆ పూటే చేయి వేయబోకండి, దానికోసమే పొగిడారనుకుంటుంది. బదులుగా మీరు కవిత రాయక్కర్లేదు. మామూలు మాటల్లో రెండు వాక్యాలు, ఫోన్లో కాకుండా కాగితం మీద రాసి ఇవ్వండి.